టీకా గురించి ఎవరి మాట నమ్మాలి

2019 మార్చి మొదటి వారంలో హైదరాబాద్ నాంపల్లిలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా వేశారు. ఇళ్ళకు వెళ్ళిన కొన్ని గంటల్లోనే పిల్లలు మత్తుగా వాలిపోవడం మొదలైంది. డజన్ల మందిని నీలోఫర్ ఆసుపత్రికి తరలించారు. పసిప్రాణాలు పోయాయి. టీకా వికటించిందన్న మాటే మొదట బస్తీలన్నీ తిరిగింది. తర్వాత తేలింది వేరు. జ్వరం వస్తే వేయమని ఇవ్వాల్సిన పారాసిటమాల్ బదులు ట్రమడాల్ మాత్రలు ఇచ్చి పంపారు. అది పెద్దవాళ్ళ తీవ్రమైన నొప్పులకు వాడే మందు. పసివాళ్ళకు పడితే ఊపిరి తీయడమే మందగిస్తుంది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఈ తేడా ఓదార్పు కాదు. ఆరోగ్య కేంద్రం చేతుల మీదుగా జరిగిన ఘోరం అది, బాధ్యత వ్యవస్థదే. కానీ కారణం టీకాయేనని అక్కడితో ఆగిపోయి ఉంటే ఏమయ్యేది? టీకా ఆగిపోయేది, ఆ మాత్రల పెట్టె మాత్రం మరో బుధవారం మరికొందరు పిల్లల ఇళ్ళకు వెళ్ళేది. నర్సమ్మ ఇచ్చిన గోళీ మీద పేరు చదవండి, చదవడం రాకపోతే పక్కవాళ్ళతో చదివించుకోండి, ఎంత మోతాదు వేయాలో అడగండి అని ప్రతి తల్లికీ చెప్పాల్సిన అవసరం ఆ సంఘటన నుంచే మనకు తెలిసింది.

'టీకా వికటించి' అనే మాట మన పత్రికల్లో, టీవీ స్క్రోలింగుల్లో అచ్చు పోసినట్టు వస్తుంది. దాని కింద ఐదు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన ఈ విభజననే మన ఆరోగ్య శాఖ కూడా వాడుతుంది. టీకాకు సహజంగా ఉన్న గుణం వల్ల వచ్చే ఇబ్బంది ఒకటి. ఒక బ్యాచ్ తయారీలో దొర్లిన లోపం వల్ల వచ్చేది రెండోది. నిల్వలోనో, కలపడంలోనో, వేయడంలోనో జరిగిన పొరపాటు మూడోది; నాంపల్లి ఈ కోవలోకే వస్తుంది. సూది భయంతో కళ్ళు తిరిగి పడిపోవడం నాలుగోది. బడిలో టీకాలు వేసేటప్పుడు ఒక అమ్మాయి సొమ్మసిల్లితే వరసలో ఉన్న మరికొందరు కూడా పడిపోవడం టీచర్లకు తెలిసిన విషయమే. ఐదోది, టీకాతో ఏ సంబంధమూ లేకుండా అదే సమయానికి వచ్చి పడిన జబ్బు.

వీటిలో ఏది జరిగిందో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. టీకా తర్వాత తీవ్రమైన ఇబ్బంది వస్తే 24 గంటల్లో జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి కబురు అందాలి, వెంటనే విచారణ మొదలవ్వాలి. అదే సీసాలోంచి ఇంకెవరికి వేశారు, అదే బ్యాచ్ ఏయే ఊళ్ళకు వెళ్ళింది, అక్కడి పిల్లలు ఎలా ఉన్నారు అని ఆరా తీస్తారు. ఆ కాగితాలు జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి కమిటీల దాకా వెళ్తాయి. జాతీయ కమిటీ తేల్చిన ఫలితాలను కేంద్ర ఆరోగ్య శాఖ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఈ వ్యవస్థ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా ఇక్కడే. వదంతి మన ఫోన్‌లోకి దానంతట అదే వస్తుంది. నివేదిక కోసం మనమే వెతుక్కుంటూ వెళ్ళాలి, దొరికినా అది మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో ఉండదు.

ఐదో రకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తల్లిదండ్రులను ఎక్కువగా తికమక పెట్టేది అదే.

మన దేశంలో ఏటా తక్కువలో తక్కువ 2 కోట్ల 30 లక్షల మంది పిల్లలు పుడతారు. 2023 అధికారిక లెక్క ప్రకారం ప్రతి వెయ్యి మందిలో 25 మంది ఏడాది నిండకుండానే చనిపోతున్నారు. అంటే ఏడాదికి ఐదున్నర లక్షలకు పైనే. అందులో నాలుగింట మూడు వంతులు మొదటి నెలలోనే జరుగుతాయి. ఆ నెల గడిచిన పిల్లలను మాత్రమే తీసుకున్నా రోజుకు దాదాపు 400 మరణాలు తేలతాయి. న్యుమోనియా, విరేచనాలు, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆడకపోవడం, ఇలా కారణాలు ఎన్నో. ఇదే వయసు పిల్లలకు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల టీకాలు పడతాయి. కాబట్టి టీకాల బదులు మంచినీళ్ళ చుక్కలు పోసి పంపినా, మర్నాడో ఆ మర్నాడో చనిపోయే పిల్లలు దేశం మొత్తం మీద కొందరు ఉంటారు. అలాంటి ఒక్క ఇంటి సంగతి ఫోటోతో సహా మన దాకా వస్తే, అది అబద్ధం కాదు. ఆ తల్లి చెప్పేది నిజమే: నిన్న టీకా వేయించాం, ఇవాళ బిడ్డ లేదు. ఆ నిజం ఒక్కదాని నుంచి కారణం తెలియదు, అంతే.

మరి కారణం ఎలా తెలుస్తుంది? టీకా వేసిన పిల్లల్లో, వేయని పిల్లల్లో ఆ జబ్బు ఒకే రేటులో వస్తోందా, లేక టీకా తర్వాత ఫలానా రోజుల్లో గుంపుగా వస్తోందా అని వేలమందిలో చూడాలి. గుంపు కనిపిస్తే అనుమానించాలి. అలా అనుమానించి, నిజమని తేల్చి, ఒక టీకాను మూల పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. పసిపిల్లల నీళ్ళ విరేచనాలను ఆపడానికి అమెరికాలో 1998లో రోటాషీల్డ్ అనే టీకా వచ్చింది. మొదటి డోసు తర్వాత రెండు వారాల లోపు కొందరు పిల్లల్లో పేగు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోవడం కనిపించింది. లెక్క తీస్తే సుమారు పది వేల మందిలో ఒకరు. 1999 అక్టోబర్‌కల్లా ఆ టీకాను మార్కెట్ నుంచి తీసేశారు.

టీకాల వ్యతిరేకులు ఈ కథను 'చూశారా, టీకాలు హాని చేస్తాయి' అని చెప్పడానికి వాడతారు. నేను అదే కథను మరోలా చదువుతాను. పదివేలలో ఒకరికి జరిగే హానిని ఏడాదిన్నర తిరగకముందే పట్టుకుని, కోట్లు పెట్టి తయారుచేసిన టీకాను ఆపేయించిన లెక్క అది. అలాంటి లెక్క ఉన్న చోటి నుంచి వచ్చే సమాచారానికి విలువ ఇవ్వాలి. టీకా మీద ఎవరి మాట నమ్మాలని నన్ను అడిగితే ముందుగా చూడమనేది ఇదే: వాళ్ళు హాని గురించి మాట్లాడుతున్నారా? మాట్లాడితే ఎంతమందిలో ఎంతమందికి అని చెబుతున్నారా? 'ఏమీ కాదమ్మా, వేయించుకో పో' అనేవాళ్ళూ, 'పిల్లలను చంపేస్తున్నారు' అనేవాళ్ళూ ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఒకేలా తప్పించుకుంటారు.

చెప్పగలిగినవాళ్ళు చెప్పేది ఇలా ఉంటుంది. క్షయ రాకుండా బీసీజీ వేసిన ఎడమ భుజం మీద కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, చితికి, మానుతుంది. పసుపూ సున్నం ఏమీ రాయొద్దు. మచ్చ పడకపోయినా మళ్ళీ వేయించాల్సిన పని లేదు. పెంటావాలెంట్ తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ మీద వాపు, ఏడుపు మామూలే. తట్టు, రుబెల్లా టీకా తర్వాత జ్వరం వస్తే అది వారం పది రోజులకు వస్తుంది; ఆ సాయంత్రమే వచ్చిన జ్వరానికి అది కారణం కాకపోవచ్చు. ఒంటి మీద దద్దుర్లు లేచి ఊపిరి అందని తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసులకు సుమారు ఒకసారి వస్తుంది. టీకా వేశాక అరగంట కూర్చోమనేది దానికోసమే, చాలాచోట్ల కూర్చోబెట్టరు. నోటి చుక్కల పోలియో టీకాలో బతికి ఉన్న బలహీన వైరస్ ఉంటుంది గనక, అదే ఎక్కడో ఒక బిడ్డకు పక్షవాతం తెచ్చే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది 27 లక్షల డోసులకు సుమారు ఒకటి. చచ్చిన వైరస్‌తో చేసిన సూది టీకాను కూడా 2015 నుంచి మన పట్టికలో చేర్చడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

మేలు గురించి చెప్పేటప్పుడు కూడా ఇదే గీటురాయి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే రోటావాక్‌ను ఢిల్లీ, పుణె, వెల్లూరులలో దాదాపు 6,800 మంది పసిపిల్లల మీద పరీక్షించారు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా వైరస్ విరేచనాలు 56 శాతం తగ్గాయని తేలింది. నూటికి నూరు కాదు, తొంభై కూడా కాదు. ఆ 56నే ప్రచురించారు. విరేచనాలతో వేలమంది పిల్లలు చనిపోయే దేశానికి ఆ 56 శాతమూ పెద్ద లాభమేనని లెక్కవేసి 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టారు. రోటాషీల్డ్ అనుభవం ఉంది కాబట్టి 27 ఆసుపత్రుల్లో పేగు జబ్బు మీద నిఘా పెట్టారు. టీకాతో సంబంధం కనిపించలేదు.

ఇక్కడిదాకా చదివి, ప్రభుత్వమూ పెద్ద సంస్థలూ చెప్పిందల్లా నమ్మేయమంటున్నానని అనుకోవద్దు. ఖమ్మం సంగతి చెప్పకుండా తెలుగువాళ్ళతో టీకాల గురించి మాట్లాడటం కుదరదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఎక్కువగా కారణం హెచ్‌పీవీ అనే వైరస్. దానికి టీకా ఉంది. 2009 జులైలో పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాల్లో 10 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే నడిచింది. కొన్ని నెలలకు అమ్మాయిల మరణాల వార్తలు వచ్చాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు.

విచారణలో రెండు విషయాలు బయటపడ్డాయి. మరణాలకు నీళ్ళలో మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి వేర్వేరు కారణాలు కనిపించాయి. టీకాతో సంబంధం ఉందని విచారణ కమిటీ అనుకోలేదు. రెండోది అంతకంటే చేదు. ఆ అమ్మాయిల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవే. కన్నవాళ్ళకు చెప్పనే లేదు. వేస్తున్నది అప్పటికి జాతీయ పట్టికలో లేని టీకా అనీ, ఇదొక అధ్యయనమనీ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పిన దాఖలా లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇప్పటికీ ఖమ్మం పేరెత్తితే వినేవాళ్ళు రెండు వర్గాలుగా విడిపోతారు. 'టీకా పిల్లలను చంపింది' అని ఒకరు, 'అంతా పుకారు' అని మరొకరు. రెండూ సగమే. టీకా చంపిందనడానికి ఆధారం దొరకలేదు. తల్లిదండ్రులను అడగకపోవడం మాత్రం పుకారు కాదు, కాగితం మీద రుజువైన సంగతి. అడగకుండా చేసిన పని మీద అనుమానం పుట్టడం సహజం. ఆ అనుమానాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసిన చదువుకున్నవాళ్ళు కూడా టీకాల మీద నమ్మకం చెడగొట్టడంలో భాగస్వాములే అంటాను. తర్వాతి ఏళ్ళలో అదే రకం టీకాను ఎన్నో దేశాలు కోట్లమంది ఆడపిల్లలకు వేశాయి. 2023లో పుణె సీరమ్ సంస్థ సొంతంగా తయారుచేసిన టీకా మన మార్కెట్లోకి వచ్చింది. ఈరోజు మీ ఇంట్లో పదేళ్ళ అమ్మాయికి ఈ టీకా వేయించాలా అని ఆలోచిస్తుంటే, ఖమ్మం నుంచి తీసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నాకు చెప్పి, నన్ను అడిగి వేస్తున్నారా?

ఖమ్మం అనుమానం మన నేల మీదే పుట్టింది. తట్టు టీకా వల్ల ఆటిజం వస్తుందన్న మాట పుట్టింది మన దగ్గర కాదు, లండన్‌లో. 1998 ఫిబ్రవరిలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లల మీద రాసిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక అచ్చు వేసింది. టీకా కంపెనీల మీద కేసు వేయాలనుకుంటున్న లాయరు నుంచి ఆయనకు డబ్బు ముట్టిందని పాత్రికేయుడు బ్రయాన్ డీర్ బయటపెట్టాడు. వ్యాసంలోని వివరాలకూ పిల్లల ఆసుపత్రి రికార్డులకూ పొంతన లేదని తేలింది. 2004లో తోటి రచయితల్లో పదిమంది ఆ నిర్ధారణ నుంచి తప్పుకున్నారు. 2010లో లాన్సెట్ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ రద్దయింది. ఈలోగా వేరే దేశాల్లో, వేరే మనుషులు, వేరే డబ్బుతో అదే ప్రశ్నను పరీక్షించారు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2019లో వచ్చింది. టీకా వేసినవాళ్ళలో ఆటిజం ఎక్కువగా లేదు. జపాన్ 1993లో తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఆ టీకాను వేరే కారణంతో ఆపేసింది. ఆటిజం నిర్ధారణలు ఆ తర్వాత కూడా పెరుగుతూనే పోయాయి. పన్నెండు మందితో మొదలైన అనుమానానికి ఆరున్నర లక్షల మందితో జవాబు దొరికినా, ఆ పన్నెండు మంది కథే ఇప్పటికీ గుంటూరు దాకా నడుస్తోంది. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంట పడే వయసు, ఆ టీకా వేసే వయసు దాదాపు ఒకటే కావడం కూడా దీనికి కారణం.

సరే, అంతర్జాతీయ సంస్థ పేరు చూసి నమ్మేయవచ్చా? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఈ ప్రశ్న ఈమధ్య నిజంగానే ఎదురైంది. టీకాల గురించి ఏ సందేహం వచ్చినా అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ పేజీ తెరవడం వాళ్ళకు అలవాటు. 2025 జూన్‌లో ఆ దేశ ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ టీకాల సలహా సంఘంలోని 17 మందినీ ఒకేసారి తొలగించారు. నవంబర్‌లో సీడీసీ తన పేజీని మార్చేసింది. టీకాలు ఆటిజం తేవన్న మాటకు ఆధారం లేదన్నట్టుగా రాసింది. పైన 'టీకాల వల్ల ఆటిజం రాదు' అన్న శీర్షికను మాత్రం అలాగే ఉంచి, పక్కన ఒక చుక్క గుర్తు పెట్టి, ఒక సెనేటర్‌తో కుదిరిన ఒప్పందం వల్ల దాన్ని తీసేయలేదని కింద వివరించింది! ఒక శాస్త్ర సంస్థ పేజీలో ఇంత విచిత్రమైన ఫుట్‌నోట్ నేనెక్కడా చూడలేదు.

ఇలాంటప్పుడు అడగాల్సింది, మాట మారడానికి కొత్తగా ఏ అధ్యయనం వచ్చిందని. సంబంధం ఉందని చూపించిన కొత్త పరిశోధన అక్కడ లేదు. 'లేదని పూర్తిగా నిరూపించలేదు కదా' అన్న వాదన ఉంది. ఏ పరిశోధనా ఏదైనా ఒకటి 'ఎన్నటికీ, ఎవరికీ, రవ్వంత కూడా కాదు' అని నిరూపించలేదు, లక్షలమందిలో వెతికినా కనపడలేదని మాత్రమే చెప్పగలదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం తన పాత వైఖరి మీదే నిలబడి సొంతంగా టీకాల పట్టిక ఇస్తోంది. కాబట్టి ఒక్క చిరునామాను జీవితాంతం నమ్ముకోవడం కంటే, ఒకరి కింద ఒకరు పనిచేయని నాలుగైదు చోట్ల ఏం చెబుతున్నారో చూడటం మేలు: ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన జాతీయ సాంకేతిక సలహా బృందం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్, అమెరికా పిల్లల వైద్యుల సంఘం. వీళ్ళందరి పట్టికలూ ఒకేలా ఉండవు. బీసీజీ అమెరికాలో మామూలుగా వేయరు. అక్కడ క్షయ తక్కువ. ఏడాది నిండని పసివాణ్ణి అమ్మమ్మ, తాతయ్యల దగ్గరికి ఇండియా తీసుకొచ్చేటప్పుడు ఆరు నెలలు దాటితే తట్టు టీకా ఒక డోసు ముందే వేయమంటారు. దాన్ని మామూలు రెండు డోసుల్లో లెక్కపెట్టరు. తేడాలకు ఇలా అర్థమయ్యే కారణాలు ఉంటాయి. కారణం చెప్పని తేడా దగ్గరే ఆగి ఆలోచించాలి.

మన ఊళ్ళో కూడా ఇలాంటి తేడా ఒకటి రోజూ కనిపిస్తుంది: ప్రభుత్వ పట్టికలో లేని టీకాలు ప్రైవేటు డాక్టరు ఎందుకు రాస్తున్నారు? ప్రభుత్వం దేశంలోని ప్రతి బిడ్డకూ ఉచితంగా వేయాలి కాబట్టి జబ్బు భారం, ఖర్చు, సరఫరా చూసి ఎంచుకుంటుంది. పిల్లల వైద్యుల అకాడమీ ఎదురుగా ఉన్న ఒక్క బిడ్డ కోసం ఆలోచించి టైఫాయిడ్, ఆటలమ్మ, గవదబిళ్ళలు, హెపటైటిస్-ఎ టీకాలు కూడా చెబుతుంది. రెండింట్లోనూ మోసం లేదు. డబ్బు లేకపోతే ప్రభుత్వ పట్టిక పూర్తిగా వేయిస్తే చాలు, అపరాధభావం అక్కర్లేదు. పెంటావాలెంట్ బదులు ప్రైవేటులో వేసే 'నొప్పి లేని టీకా' విషయంలో మాత్రం జాగ్రత్త. కోరింత దగ్గు భాగాన్ని శుద్ధి చేసి తయారుచేసినది కాబట్టి జ్వరం, వాపు తక్కువే. కానీ దాని రక్షణ పాత రకం కంటే త్వరగా తగ్గిపోతుందని అధ్యయనాల్లో తేలింది. ఈ రెండో వాక్యం కూడా చెప్పే డాక్టరు దొరికితే వదులుకోకండి.

డాక్టరు కంటే ముందు మనకు దొరికేది ఏఎన్‌ఎం, అంటే టీకాలు వేసే నర్సమ్మ. మన దగ్గర సాధారణంగా బుధ, శనివారాల్లో సబ్ సెంటర్‌లోనో, అంగన్‌వాడీలోనో, బస్తీ దవాఖానాలోనో టీకాలు వేస్తారు. వేసేటప్పుడు నాలుగు మాటలు చెప్పాలని ఆమెకు శిక్షణలో నేర్పుతారు: ఇది ఏ టీకా, ఏ జబ్బు రాకుండా వేస్తున్నాం; దీని తర్వాత ఏ చిన్న ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి; మళ్ళీ ఎప్పుడు, ఎక్కడికి రావాలి; కార్డు భద్రంగా ఉంచుకుని ప్రతిసారీ తీసుకురండి. యాభై మంది తల్లులు, ఒక్క నర్సు ఉన్నచోట ఈ నాలుగు మాటలు నాలుగు సెకన్లలో అయిపోతాయి, లేదా అసలు రావు. అడిగితే చెప్పాల్సిన బాధ్యత ఆమెది. 'ఏం సూదమ్మా ఇది?' అని అడగడానికి మొహమాటపడే తల్లి, అదే ప్రశ్నను రాత్రి ఫోన్‌లో ఎవరినో అడుగుతుంది.

టీకా సీసాను కూడా చూపించమనవచ్చు. చాలా సీసాల మీద ఒక గుండ్రని గుర్తు, దాని మధ్యలో చిన్న చదరం ఉంటాయి. వేడి తగిలిన కొద్దీ చదరం రంగు ముదురుతుంది. చుట్టూ ఉన్న వలయం కంటే చదరం లేతగా ఉంటే టీకా వాడవచ్చు. రెండూ ఒకే రంగుకు వచ్చినా, చదరమే ముదురైనా పారేయాలి. బీసీజీ, తట్టు టీకాలు పొడి రూపంలో వస్తాయి. ద్రావణం కలిపాక నాలుగు గంటలు దాటితే వాడకూడదు, కలిపిన సమయం సీసా మీద రాయాలి. ఇంగ్లీషు రాకపోయినా ఈ గుర్తు చదవవచ్చు. టీకా గురించి ఎవరి మాటా అక్కర్లేకుండా మన కంటితో మనమే తేల్చుకోగలిగిన సంగతి బహుశా ఇదొక్కటే.

కొన్ని సందేహాలకు జవాబులు చిన్నవి. కొద్దిగా జలుబు ఉన్నా టీకా వేయించవచ్చు. ఒకేరోజు రెండు మూడు సూదులు పడినా బిడ్డ ఒళ్ళు తట్టుకుంటుంది. ఒక డోసు తప్పిపోతే మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టరు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. తొడ సూదులు అయిపోయాక, ఐదారేళ్ళకు, పదేళ్ళకు, పదహారేళ్ళకు ఉన్న డోసులను చాలా ఇళ్ళలో మర్చిపోతారు. హైదరాబాద్ నల్లకుంటలోని కోరంటి దవాఖానాలో కంఠసర్పి కేసులు ఇప్పటికీ వస్తుండటానికి, అందులో బడి వయసు పిల్లలు కూడా ఉండటానికి ఈ మరపు ఒక కారణం.

ఇక ఫోన్‌లోకి వచ్చేవి. తేదీ, ఊరు, ఆసుపత్రి పేరు లేని వాయిస్ మెసేజ్‌ను చెవిన పడ్డ మాటగానే ఉంచుకోవాలి. 'ఇన్ని వేలమందికి హాని' అని ఉంటే, ఎన్ని కోట్లమందికి వేస్తే అని అడగాలి. అమెరికాలో వేయర్స్ అనే పట్టిక ఉంది. టీకా తర్వాత ఏం జరిగినా ఎవరైనా అందులో రాయవచ్చు, టీకా కారణమా కాదా అన్నది రాసేటప్పుడు ఎవరూ తేల్చరు. అనుమానాలను ముందే పసిగట్టడానికి పెట్టిన ఆ పట్టికలోని అంకెలను తీసి 'టీకా మరణాలు' అని తెలుగులో వీడియోలు చేస్తారు. చివర్లో రోగనిరోధక శక్తి పెంచే చూర్ణమో కషాయమో అమ్మకానికి వస్తే, వీడియో ఎందుకు చేశారో ఇక అడగనక్కర్లేదు. సందేహం తీరకపోతే హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ ఇలాంటివి పరిశీలిస్తుంది. కుటుంబ గ్రూపులో మేనత్తగారు పంపిన మెసేజ్‌కు 'ఇది అబద్ధం' అని అందరి ముందూ జవాబివ్వడం కంటే, ఫోన్ చేసి 'అత్తయ్యా, ఇది ఏ ఊళ్ళో జరిగిందట?' అని అడగడం ఎక్కువ పనిచేస్తుంది.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక కూడా మీ బిడ్డకే ఏదైనా అయితే? ఆగని ఏడుపు, ఫిట్స్, ఊపిరి ఇబ్బంది, పాలు పట్టకపోవడం, ఒళ్ళు మెత్తబడిపోవడం కనిపిస్తే ముందు ఆసుపత్రికి వెళ్ళండి. ఆ వెంటనే టీకా వేసిన ఏఎన్‌ఎంకు చెప్పండి. ప్రైవేటు క్లినిక్‌లో వేయించినా జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి కబురు వెళ్ళాల్సిందే. కార్డులో టీకా పేరు, తేదీ రాసి ఉంటాయి. ప్రైవేటులో అయితే సీసా మీద ఉండే బ్యాచ్ నంబరును కార్డులో రాయమని వేసిన రోజే అడగండి, చాలాచోట్ల చిన్న స్టిక్కరు అంటిస్తారు. విచారణలో మొదట అడిగేది ఆ నంబరే. కొన్ని వారాల తర్వాత వెళ్ళి, ఏం తేల్చారని అడగండి.